సుద్దగీత

వానతొట్టికి వేయగా మిగిలిన తెల్ల ప్లాస్టిక్ పైపు
పాకలో పన్నెండు మీటర్లు పడుంది.
"ఇదుందిగా" అన్నాను.
ఎల్వీనో దాన్ని వేలితో కొట్టి చూశాడు
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
"చిక్కుడు తీగకు పనికొస్తుంది" అన్నాడు.

మాది సావ్ జోర్జ్ దీవి. కిటికీ తీస్తే
సముద్రపాయ అవతల పీకు కొండ,
మబ్బు తలపాగా చుట్టుకుని.
ఇరవై ఆరు ఆవులు, పాలు పితికే షెడ్డు,
దాన్ని కడగడానికి మొన్ననే వచ్చిన యంత్రం.
ఇక దాన్ని గిట్టల మధ్య ఈడ్చుకు తిరగను.
పంపు మూలగదిలో ఉంటుంది,
గోడ వెంట పైపు, నాలుగుచోట్ల గన్ను తగిలించే మూతులు.
అంతే నా కోరిక. చిన్నదే.

యంత్రం వీపు మీద నూట ఎనభై బార్ అని రాసుంది.
"అది మామూలప్పటి మాట.
గన్ను మీంచి వేలు తీస్తావు చూడు, ఆ క్షణం
పరుగున వస్తున్న నీళ్ళ ముఖాన తలుపేసినట్టు.
వెనకవి ముందువాటి మీద పడతాయి.
ఆ తొక్కిడి ఓర్చుకునే పైపు కావాలి."

ట్యూనా పడవల్లో ఇంజన్లు చూసిన మనిషి.
లోహాల సంగతి చెబుతుంటే
చుట్టాల గుట్టు విప్పుతున్నట్టుంటుంది.
ప్లాస్టిక్ చెప్పి పగలదు, పగిలితే పెంకులై ఎగురుతుంది.
రాగి మెతక, అతుకుల దగ్గర మాట తప్పుతుంది.
జింకు పూసిన ఇనుము మంచిదే కానీ మా గాలికి
లోలోపల పొలుసులు రాల్చి
నాజిల్ గొంతులో ముల్లై కూర్చుంటుంది.
ఇక స్టెయిన్‌లెస్. అందులోనూ ఉప్పుగాలికి ఓర్చే రకం,
అతుకు లేకుండా లాగిన గొట్టం,
ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం.
ధర చెప్పాడు.
రెండు పెయ్యల ధర.

లేచి కాఫీ పెట్టాను.
నోరు జారకుండా ఉండటానికి
నాకు తెలిసిన మర్యాదైన దారి అదొక్కటే.

కప్పు అందుకున్న చేతుల్ని చూశాను.
ఏ మచ్చో, ఏ తెగిన వేలో చూపించి
నన్ను ఒప్పిస్తాడనుకున్నా.
పది వేళ్ళూ ఉన్నాయి.
"భయస్తుణ్ణి" అన్నాడు, నా చూపు కనిపెట్టి.
"సూదిబెజ్జమంత చిల్లు చాలు,
ఆ నీటిని కన్ను చూడలేదు, చర్మం ఆపలేదు.
ఎక్కడో సుయ్‌మంటుంటే చేత్తో తడమకు.
ముందు పంపు ఆపు. వెతకడం తర్వాత."

ఎస్త్రేలా పెయ్యను అమ్మాను. మిగతాది అప్పు.

ఇదంతా చెప్పింది మంగళవారం సంగతి కోసం.
ఆ రోజు సుద్దముక్కతో నేనే గోడ మీద గీత గీశాను
పంపు గది నుంచి దూడల కొట్టం దాకా,
వంగకుండా అందేట్టు, నా మోచేతి ఎత్తున.
ఎల్వీనో గీత వెంట నడిచి కొట్టం దగ్గర ఆగాడు.
బోర్లించిన బకెట్టు ఉందక్కడ.
"ఎవరిది?"
మా చెల్లెలి కూతురు ఇదాలీనాది. ఏడేళ్ళది.
బడి నుంచి వచ్చి దాని మీద కూర్చుని
దూడలకు ఎక్కాలు చెబుతుంది.

అతను బకెట్టు మీద కూర్చున్నాడు.
మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.
ఏడేళ్ళంత పొట్టివాడయ్యేదాకా మెడ కుంచించి
తల పక్కకి తిప్పాడు.
నా గీత అతని కంటికి ఎదురుగా.
రెండు పైపులు కలిసే అతుకు
సరిగ్గా అక్కడే రావాలి.

ఏమీ అనలేదు. చొక్కా చేతితో గీత తుడిచాడు.
నిచ్చెన తెచ్చి దూలాల కింద కొత్తది గీశాడు,
కొట్టాన్ని చుట్టి పోయేలా. ఆరు మీటర్లు ఎక్కువ.
ఆ ఆరు మీటర్లకు నేను బేరమాడలేదు.

ఒణికే పంపుకూ కదలని పైపుకూ మధ్య
జానెడు రబ్బరు గొట్టం పెట్టాడు.
పరీక్షనాడు ఆవుల్ని మేతకు తోలి
తలుపేసి వాకిట్లో నిలబడ్డాం, చెవులొగ్గి.
లోపల పంపు మోత.
ఇంకే చప్పుడూ లేదు.

ఇప్పుడు రోజూ గోడలు కడుగుతాను.
పేడ, పాల జిడ్డు, నాచు, అన్నీ పోతాయి.
బకెట్టు వెనక మాత్రం
చొక్కా చేయి అలికిన తెల్లటి మరక ఒకటుంది.
అటు గన్ను తిప్పను.